అమెరికా ఇంట్లో ఫైర్‌ప్లేస్: కట్టెలా, గ్యాసా, కరెంటా?

న్యూజెర్సీలో మేం ఇల్లు వెతుకుతున్నప్పుడు హాల్లో ఇటుకల ఫైర్‌ప్లేస్ కనిపించగానే మా ఆవిడ మనసులో ఇల్లు ఖాయమైపోయింది. అబద్ధమెందుకు, నేనూ అంతే. కట్టెలు చిటపటలాడుతుంటే పక్కన కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నట్టు ఊహించేసుకున్నాను. తీరా మొదటి చలికాలం వచ్చాక తెలిసింది, దాని ముందు కూర్చునే సుఖం గంటైతే దాని చాకిరీ రెండు గంటలని.

ఈమధ్య ఇల్లు కొనే స్నేహితులందరూ ఇదే అడుగుతున్నారు. కట్టెలది అలాగే ఉంచుకోవాలా, గ్యాస్‌కి మార్చాలా, కరెంటుది తగిలించేసి చేతులు దులుపుకోవాలా? నేనైతే ఎదురు మూడు ప్రశ్నలు వేస్తాను. గోడ వెనక పైకి పోయే గొట్టం ఎలా ఉంది? ఇంట్లో పసిపిల్లలు, పెద్దవాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? చలికాలంలో నిజంగా ఎన్ని సాయంత్రాలు వెలిగిస్తారు? (నిజంగా అన్నాను, ఊహలో కాదు.) ఈ మూడూ తేలితే మిగతాది లెక్కే.

ముందు గొట్టం

ఫైర్‌ప్లేస్‌లు పైకి ఒకేలా కనిపించినా లోపల రెండు జాతులు. ఒకటి ఇటుకలతో కట్టినది. రెండోది ఫ్యాక్టరీలో తయారైన రేకు పెట్టె, ముందు మాత్రం ఇటుకో రాయో అతికించి ఉంటుంది. లోపల గోడ మీద వేలితో కొట్టి చూడండి, రేకు చప్పుడు వస్తే రెండోదే. అంచుల్లో ఎక్కడో చిన్న లోహపు పలక ఉంటుంది, మోడల్ నంబరు, అందులో ఏం కాల్చొచ్చో దాని మీదే రాసి ఉంటుంది. ఆ పెట్టెలో పెట్టడానికి పరీక్ష చేసి ఒప్పుకున్న ఇన్సర్టులు (లోపలికి దూర్చే పొయ్యిలు), గ్యాస్ దుంగలే (దుంగల్లా కనిపించే గ్యాస్ బర్నర్లు) పెట్టాలి, నచ్చింది కొనుక్కొచ్చి దూర్చకూడదు. ఇంకో సంగతి, మొదటినుంచీ గ్యాస్ కోసమే తయారైన ఫైర్‌ప్లేస్‌లో ఒక్క కట్టె కూడా కాల్చకూడదు, దాని గొట్టం ఆ వేడికి తట్టుకోదు.

మా ఇంటి ఇన్‌స్పెక్టరు కిందనుంచి టార్చి వేసి చూసి "పనిచేస్తోంది" అని రాసిచ్చాడు. నాలుగు నెలల తర్వాత చిమ్నీ శుభ్రం చేసే ఆయన వచ్చి గొట్టంలోకి కెమెరా దించితే, లోపలి మట్టి పెంకుల్లో రెండుచోట్ల నిలువుగా పగుళ్లు. ఆ వీడియో చూస్తుంటే నాకు కడుపులో తిప్పింది, ఎందుకంటే అప్పటికే ఐదారుసార్లు మంట పెట్టేశాం. ఆ పగుళ్లలోంచి వేడి, విషవాయువు గోడలోని చెక్కలదాకా పోతాయి. పైకేమీ కనపడదు.

అగ్నిమాపక ప్రమాణాలు రాసే ఎన్‌ఎఫ్‌పీఏ వాళ్ల 211 నంబరు ప్రమాణం ప్రకారం, వాడినా వాడకపోయినా చిమ్నీని ఏడాదికోసారి చూపించాలి, ఇల్లు చేతులు మారినప్పుడు మాత్రం లెవెల్ 2 తనిఖీ చేయించాలి. లెవెల్ 2 అంటే కెమెరా దించి లోపలంతా చూడటం. మామూలు ఇంటి ఇన్‌స్పెక్షన్‌లో అది ఉండదు. ఇల్లు కొనేవాళ్లు ఒప్పందంలో ఇన్‌స్పెక్షన్ గడువు ముగియకముందే అది అడిగి చేయించుకోండి, పగుళ్లు బయటపడితే ధర తగ్గించమని అడగడానికి అప్పుడే వీలు. సీఎస్‌ఐఏ (అమెరికాలో చిమ్నీ భద్రత సంస్థ) సర్టిఫికెట్ ఉన్నవాళ్లని పిలవండి. మరీ తక్కువ ధరకి కూపన్ పంపి ఇంటికొచ్చాక "ఇది ఇవాళే బాగుచెయ్యకపోతే ప్రాణాలకే ముప్పు" అని వేలల్లో బిల్లు చూపించేవాళ్లూ ఉన్నారు. భయపడి సంతకం పెట్టకండి. వీడియో ఇమ్మనండి, ఇంకొకరికి చూపించండి. అప్పటిదాకా మంట పెట్టకండి, అంతే.

కట్టెల ఫైర్‌ప్లేస్

అందంలో దీనికి సాటి లేదు, వెచ్చదనంలో ఇదే అన్నిటికన్నా కింద. తెరిచి ఉండే ఫైర్‌ప్లేస్‌లో పుట్టే వేడిలో పదో వంతు గదిలో మిగిలితే గొప్ప, తక్కినదంతా పైకే. పైగా పోతూపోతూ ఇంట్లోని వెచ్చటి గాలిని కూడా లాక్కుపోతుంది. మా థర్మోస్టాట్ హాల్లోనే ఉంది. మంట పెడితే అది "వెచ్చగానే ఉందిగా" అని హీటరు ఆపేసేది, పైన పడకగదుల్లో పిల్లలు రెండు దుప్పట్లు కప్పుకునేవాళ్లు. వేడి కోసం దీన్ని ఎంచుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

సరదాకే అనుకుంటే మాత్రం కట్టెల విషయంలో పట్టుదలగా ఉండండి. తడి 20 శాతం కన్నా తక్కువ ఉండాలి. కొలిచే చిన్న మీటరు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది, కట్టెను చీల్చి లోపలి ముఖం మీద పెట్టి చూడాలి, బయట బెరడు మీద పెడితే అబద్ధం చెబుతుంది. మీటరు లేకపోతే రెండు కట్టెలు కొట్టి చూడండి, ఎండినవైతే టంగుమంటాయి, పచ్చివైతే దబ్ అంటాయి. ఓక్, హికరీ, మేపుల్ లాంటివి చీల్చి, నేలకి ఆనకుండా పేర్చి, పైన మాత్రమే కప్పి కనీసం ఒక వేసవి ఎండనివ్వాలి, ఓక్‌కి ఇంకా ఎక్కువే పడుతుంది. పేర్పు ఇంటి గోడకి ఆనించొద్దు, చెదలకి విందు పెట్టినట్టే.

కొనేటప్పుడు కొలత అడగండి. ఒక కార్డ్ అంటే 128 ఘనపుటడుగులు: నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల పొడవు పేర్పు. "ఫేస్ కార్డ్" అని అమ్మేది మామూలుగా అందులో మూడోవంతే. దూరంనుంచి కట్టెలు తేవద్దు కూడా, మా న్యూజెర్సీలో, పక్కన పెన్సిల్వేనియాలో చెట్లకి చేటు చేసే మచ్చల లాంటర్న్‌ఫ్లై పురుగు గుడ్లు కట్టెల మీద కూడా ప్రయాణం చేస్తాయి.

పచ్చి కట్టెలు కాలిస్తే అసలు ప్రమాదం పైన పేరుకుంటుంది. పొగలోని జిగురు చల్లటి గొట్టానికి అంటుకుని మసిలా మొదలై, తారులా మారి, చివరికి గాజులా గట్టిపడుతుంది. దీన్నే క్రియోసోట్ అంటారు. ఎనిమిదోవంతు అంగుళం, అంటే మూడు మిల్లీమీటర్లు పేరుకుంటే చాలు, తీయించాల్సిందే. అది అంటుకుంటే గొట్టంలో వేడి 1,100 డిగ్రీల సెల్సియస్ దాకా పోగలదు, చప్పుడు రైలు వస్తున్నట్టుంటుందంటారు. అప్పుడు పిల్లల్ని తీసుకుని బయటికి పరుగెత్తి 911కి ఫోన్ చెయ్యడమే, ఇంకేమీ ప్రయత్నించొద్దు.

వెలిగించేముందు డ్యాంపర్ (గొట్టం నోటికి ఉండే మూత) తెరిచి ఉందో లేదో చూడాలని అందరికీ తెలుసు, అందరూ ఒక్కసారైనా మర్చిపోతారు. నా పద్ధతి అగరబత్తి. డ్యాంపర్ కింద వెలిగించి పట్టుకుంటే పొగ పైకి పోతోందా, గదిలోకి వస్తోందా ఇట్టే తెలిసిపోతుంది. గదిలోకి వస్తుంటే గొట్టంలో చల్లగాలి కూర్చుందన్నమాట, న్యూస్‌పేపరు చుట్టి అంటించి కాసేపు పైకి పట్టుకుంటే దారి ఇస్తుంది. మన ఇళ్లకి ప్రత్యేకమైన తంటా ఇంకోటుంది. ఒకరోజు హాల్లో మంట చక్కగా మండుతుంటే, వంటింట్లో చేపలు వేయిస్తూ మా ఆవిడ పొయ్యి మీద ఫ్యాను ఫుల్లు స్పీడులో పెట్టింది. రెండు నిమిషాల్లో హాలంతా పొగ. ఆ ఫ్యాను గాలిని బయటికి తోస్తుంటే దానికి బదులు గాలి ఇంట్లోకి ఎక్కడినుంచో రావాలి కదా, చిమ్నీలోంచే వచ్చింది. కిటికీ ఒకటి కాస్త తెరిస్తే సర్దుకుంది. ఫ్యాను, ఫైర్‌ప్లేస్ ఒకేసారి వద్దు.

భోగినాడు అమ్మ పాత కుర్చీ ఒకటి తెచ్చి ఫైర్‌ప్లేస్ ముందు పెట్టింది, పాతవి మంటలో వెయ్యాలిగా. రంగు, వార్నిష్ వేసిన చెక్క, ప్లైవుడ్, అట్టపెట్టెలు, గిఫ్టుల మీది కాగితం, క్రిస్మస్ చెట్టు, ఇవేవీ లోపల కాల్చకూడదు. విషపు పొగ కొన్నిటితో, గొట్టంలోకి ఎగిరే నిప్పురవ్వలు కొన్నిటితో. ఆన్‌లైన్లో తెప్పించిన పిడకలు కూడా వద్దు, మంట కన్నా పొగ ఎక్కువ. నాలుగు ఎండు కట్టెలు వేసి దండం పెట్టుకున్నాం, కుర్చీ చెత్తబండికి పోయింది.

ఇక బూడిద. నివురు గప్పిన నిప్పు అని చిన్నప్పటినుంచీ అంటూనే ఉన్నా, దాని అర్థం నాకు మా డెక్ మీద తెలిసింది. శనివారం రాత్రి మంట ఆరిపోయింది. ఆదివారం పొద్దున నాన్న, వేసవిలో చిక్కుడు పాదుకి పనికొస్తుందని, బూడిదంతా ఎత్తి కిరాణా కాగితం సంచిలో పోసి డెక్ మీద పెట్టారు. చేత్తో ముట్టుకుంటే చల్లగానే ఉందట. మధ్యాహ్నం రెండింటికి అమ్మ "ఏదో మాడుతోందిరా" అంటే వంటింట్లోకి పరుగెత్తాను. అక్కడేం లేదు. డెక్ తలుపు తీస్తే సంచికి అడుగు లేదు, దాని కింద పలక అరచేతంత మేర నల్లగా బొగ్గై, అంచు ఎర్రగా, గాలి వచ్చినప్పుడల్లా మెరుస్తోంది. రెండు బకెట్ల నీళ్లు పోశాం. ఆ గాలి ఇంకాస్త గట్టిగా వీచి ఉంటే ఏమయ్యేదో నేనింకా ఆలోచించదలచుకోలేదు. బూడిదలో నిప్పు రోజుల తరబడి బతికుంటుంది. గట్టి మూత ఉన్న ఇనుప బకెట్లో వేసి, ఇంటికి కనీసం పదడుగుల దూరంలో, నేల మీద లేదా సిమెంటు మీద పెట్టాలి. డెక్ మీదా, గరాజులోనూ వద్దు. చిక్కుడు పాదుకి వారం తర్వాత వేసినా చిక్కుడుకేం అభ్యంతరం లేదు.

కట్టెలే కావాలి, వేడీ కావాలి అంటే తలుపున్న కట్టెల ఇన్సర్టు ఉంది, అంటే పాత ఫైర్‌ప్లేస్‌లోకి దూర్చే ఇనుప పొయ్యి, దానికి స్టీలు గొట్టం పైదాకా వేస్తారు. ఈపీఏ, అంటే అమెరికా పర్యావరణ సంస్థ, సర్టిఫికెట్ ఉన్నవే కొనండి (2020 మే నుంచి కొత్తవాటికి గంటకి 2 గ్రాముల పొగ హద్దు, నిజం కట్టెలతో పరీక్షిస్తే 2.5). మంచివి 70 శాతం దాకా వేడిని గదిలోనే ఉంచుతాయి. చుట్టుపక్కల కట్టెలు చవగ్గా దొరికి, తరచూ కరెంటు పోయే ఊళ్లో ఉన్నవాళ్లకి నా ఓటు దీనికే. చాకిరీ మాత్రం తగ్గదు.

గ్యాస్‌లో మూడు రకాలు

దుకాణంలో అన్నీ "గ్యాస్ ఫైర్‌ప్లేస్" అనే అమ్ముతారు, తేడా మీరే అడగాలి.

మొదటిది గొట్టంలోకి పొగ వదిలే గ్యాస్ దుంగలు. పాత ఫైర్‌ప్లేస్‌లోనే పెడతారు, మంట కట్టెలకి దగ్గరగా కనిపిస్తుంది. కానీ డ్యాంపర్ పూర్తిగా మూసుకోకుండా క్లాంపు పెట్టి ఉంచాలి, అంటే చలికాలమంతా మీ వెచ్చటి గాలికి ఆకాశంలోకి దారి. గంటకి 60,000 బీటీయూ (వేడికి కొలత) అంటే 0.6 థెర్మ్ (గ్యాస్ బిల్లులో వాడే కొలత), థెర్మ్ డాలరున్నర అనుకుంటే గంటకి 90 సెంట్లు, అందులో చాలావరకు పైకే. ఇది ముచ్చట మాత్రమే.

రెండోది గొట్టమే అక్కర్లేని రకం. చవక, వేడంతా గదిలోనే. దాంతోపాటు గ్యాస్ మండగా వచ్చేదంతా గదిలోనే: నీటి ఆవిరి, నైట్రోజన్ డయాక్సైడ్, ఏదైనా తేడా వస్తే కార్బన్ మోనాక్సైడ్. ఆక్సిజన్ తగ్గితే ఆపేసే సెన్సరు ఉంటుంది, నిజమే. కాలిఫోర్నియా వీటిని అసలు ఒప్పుకోదు. నేనైతే ఉచితంగా ఇచ్చినా తీసుకోను, ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లుంటే అసలు వద్దు.

మూడోది డైరెక్ట్ వెంట్. ముందు గాజు పూర్తిగా మూసి ఉంటుంది, ఒక గొట్టం బయటి గాలిని తెస్తుంది, ఇంకోటి పొగను బయటికి పంపుతుంది, గది గాలితో దానికి సంబంధమే లేదు. వంటింటి ఫ్యాను గొడవ ఉండదు. ఆపేస్తే ఆగిపోతుంది, బూడిద లేదు. దీని లోపం ఆ గాజే. పిల్లల చేతి ఎత్తులో ఉంటుంది, ముట్టుకుంటే క్షణంలో చర్మం కాలిపోతుంది, ఆపేశాక కూడా ముప్పావుగంట దాకా వేడి ఉంటుంది. 2015 నుంచి తయారైనవాటికి ముందు జాలీ తెర తప్పనిసరిగా ఇస్తున్నారు. అందానికి అడ్డమని దాన్ని తీసి అటక మీద పడేసినవాళ్లని నేనెరుగుదును. పాత మోడల్ అయితే తయారీదారుని అడిగి తెర తెప్పించుకోండి.

గ్యాస్ అంటే చూసుకునే పనే లేదనుకోవడం పొరపాటు. ఏడాదికోసారి టెక్నీషియన్ చూడాలి, బర్నరు గొట్టాల్లో సాలీళ్లు గూళ్లు కడతాయి. లోపలి బొమ్మ దుంగల్ని అందంగా సర్దుదామని కదపొద్దు, మంట వాటికి తగలకూడని చోట తగిలితే మసి వస్తుంది. గాజు నల్లబడుతోందంటే వాడటం ఆపి ఫోన్ చెయ్యాలి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా బయటికి వెళ్లి అక్కడినుంచి ఫోన్ చెయ్యాలి.

డల్లాస్ దగ్గర ఉండే నా తోడల్లుడు ఒకటి చెప్పాడు, కొనేటప్పుడు గుర్తుపెట్టుకోండి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్‌లో లక్షల ఇళ్లకి కరెంటు పోయిందిగా, వాళ్లింట్లో పాతకాలపు పైలట్ మంట (ఎప్పుడూ వెలుగుతుండే చిన్న మంట) ఉన్న గ్యాస్ ఫైర్‌ప్లేస్ కరెంటు లేకుండానే మండింది. ఎదురింటివాళ్లది కొత్తది, ఎలక్ట్రానిక్‌గా అంటుకునేది, బ్యాటరీ పెట్టే చోటు ఉందని కూడా వాళ్లకి తెలీదు, రెండు రాత్రులు దాని ముందు వణుకుతూ కూర్చున్నారు. ఆ తుఫానులోనే ఇళ్లలోకి బొగ్గుల గ్రిల్ తెచ్చుకున్నవాళ్లు, గరాజులో కారు ఆన్ చేసి కూర్చున్నవాళ్లు విషవాయువుకి ఆస్పత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు. మూసిన గదిలో కుంపటి పెట్టుకోకూడదని మన పెద్దవాళ్లు చెప్పింది ఇదే. కట్టెలు, గ్యాస్ ఏదైనా పొగకి బయటికి దారి ఉండాలి.

కరెంటుది

దీన్ని ఫైర్‌ప్లేస్ అనడం నాకిష్టం లేదు, బల్బుల మంట ఉన్న రూమ్ హీటరు. కానీ అద్దె ఇంట్లో, అపార్ట్‌మెంటులో, పసిపిల్లలున్న ఇంట్లో ఇదే సరైనది, మొహమాటం అక్కర్లేదు. 1,500 వాట్లు, యూనిట్ 20 సెంట్లు అనుకుంటే గంటకి 30 సెంట్లు, ఒక గది వేడెక్కుతుంది. ఒక్కటే పట్టింపు: గోడ ప్లగ్గులోనే పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి అందులోనే ఇస్త్రీపెట్టె కూడా గుచ్చితే వైరు కరుగుతుంది. కరెంటు పోతే మాత్రం ఇది ఉత్త బొమ్మ.

మీరుండే ఊరి నిబంధనలు కూడా చూసుకోండి, ఒక్కోచోట అవే నిర్ణయం చేసేస్తాయి. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో 2016 నవంబరు నుంచి కొత్తగా కట్టే ఇళ్లలో కట్టెల ఫైర్‌ప్లేస్ పెట్టనివ్వరు, గాలి బాగాలేదని హెచ్చరిక ఇచ్చిన రోజుల్లో పాతవాటిలోనూ కాల్చకూడదు. సియాటిల్ చుట్టుపక్కల చలికాలంలో గాలి కదలని రోజుల్లో బర్న్ బ్యాన్ పెడతారు, మొదటి దశలో మామూలు ఫైర్‌ప్లేస్‌లు ఆపాలి, రెండో దశలో సర్టిఫికెట్ ఉన్న కట్టెల పొయ్యిలు కూడా. గ్యాస్‌కి ఆ బాధ లేదు. అక్కడ ఉండేవాళ్లు కట్టెల ఇన్సర్టుకి వేలు పోసేముందు ఇది ఆలోచించాలి.

ఏది పెట్టుకున్నా అలారాలు. మన తెలుగువాళ్ల ఇళ్లలో నేను చూసిన పెద్ద జబ్బు ఇదే: పోపు పెట్టినప్పుడల్లా మోగుతోందని హాల్లో పొగ అలారం బ్యాటరీ తీసి డ్రాయరులో పడేస్తారు. ధూపం వేసిన రోజు తీసి మళ్లీ పెట్టనివాళ్లూ ఉన్నారు. టెన్షన్ వద్దు, దాన్ని వంటింటికి కాస్త దూరంగా జరపండి, తీసెయ్యకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరేది, ప్రతి అంతస్తులో, పడకగదుల దగ్గర ఉండాలి. ఆ వాయువుకి రంగు, వాసన ఏమీ ఉండవు, తలనొప్పి, వికారంతో ఫ్లూ వస్తున్నట్టే ఉంటుంది, ఇంట్లో అందరికీ ఒకేసారి అలా ఉంటే అనుమానించండి. రెండిటికీ కాలం తీరే తేదీ వెనక రాసి ఉంటుంది, పొగ అలారం పదేళ్లకి మార్చెయ్యాలి.

మేమైతే డైరెక్ట్ వెంట్ ఇన్సర్టు పెట్టించాం. మట్టి పెంకులు బాగుచేయించడానికి చెప్పిన ధర, ఇన్సర్టు ధర దాదాపు ఒకటే వచ్చింది, దాని గొట్టాలు పాత చిమ్నీ లోపలినుంచే పోతాయి కాబట్టి పగుళ్ల బెడద తప్పింది, నాన్నకి పొగ పడదు, పాపకి రెండేళ్లు. పాప లేకుండా, చిమ్నీ బాగుండి, ఏడాదికి పది సాయంత్రాలే వెలిగించేవాళ్లమైతే కట్టెలదే ఉంచుకునేవాణ్ణి, ఏటా శుభ్రం చేయించుకుంటూ. మునిసిపాలిటీ పర్మిట్ తీసుకునే చేయించండి, ఇన్సూరెన్సువాళ్లు ఆ కాగితం అడుగుతారు. పని మాత్రం వేసవిలోపే పెట్టుకోండి. మేం అక్టోబరులో ఫోన్ చేస్తే డిసెంబరు మూడోవారం అన్నారు, మరుసటి ఏడాది తనిఖీకి ఏప్రిల్‌లో ఒక గురువారం ఫోన్ చేస్తే శనివారమే వచ్చారు.